పాత సెడానుకి పెట్టే ఖర్చు దండగేనా?

అమెరికాకి చదువుకోడానికొచ్చిన తెలుగు కుర్రాళ్ళలో చాలామందికి ఇక్కడ ఏర్పడే మొదటి ఆస్తి ఒక పాత సెడాను. కామ్రీ, అకార్డ్, ఆల్టిమా, సొనాటా... తిప్పి తిప్పి ఈ నాలుగు పేర్ల చుట్టూనే తిరుగుతుంటాం. మన దగ్గర ఇవి పెద్ద కార్ల కిందే లెక్క, ఇక్కడేమో మిడ్ సైజు అంటారు. పదిహేనేళ్ళ వయసు, లక్ష దాటిన మైళ్ళు. మనకి ముందు ఒక సీనియరు, ఆయనకి ముందు ఇంకో సీనియరు. అలా చేతులు మారుతూ మారుతూ మన దాకా వస్తుంది. కొన్న ఆర్నెల్లకి డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. మెకానిక్ దగ్గరకెళ్తే ఒక అంకె చెప్తాడు. అది విని గుండె గుభేలుమంటుంది. బాగుచేయించాలా, అమ్మిపారేయాలా?

నేనుండేది డాలస్‌లో. కార్ల గురించి నాలుగు ముక్కలు తెలిసినవాణ్ణని ఎలాగో ప్రచారమైపోయింది కాబట్టి ఈ ప్రశ్న నా దగ్గరకి తరచూ వస్తుంటుంది. అడిగిన ప్రతివాడికీ ఫోన్లో అరగంట చెప్పేకంటే ఒకసారి రాసి పెడితే పోలా అనిపించింది. అందుకే ఈ టపా.

మొదట ఒక నమ్మకం సంగతి తేల్చాలి. "బాగుచేయించే ఖర్చు కారు ఖరీదులో సగానికి దగ్గరపడితే అమ్మేయ్" అని అందరూ చెప్పే సూత్రం ఒకటుంది. వినడానికి చాలా తెలివైన మాటలా ఉంటుంది. నా ఉద్దేశంలో ఇది తప్పు లెక్క. ఎందుకో చెప్తాను.

ఈ మధ్య ఒక తమ్ముడికి (వరసకి కాదు, మా రూమ్మేటు ఊరివాడు) ఒక పెద్ద షాపువాళ్ళు చెప్పిన అంకె 1,900 డాలర్లు. కారు కొన్నది 4,500కి. "అన్నా, అమ్మేస్తా, ఇంకోటి కొనుక్కుంటా" అన్నాడు. సరే, అమ్ముదాం. పసుపు దీపం వెలుగుతున్న కారుని ఎవడు కొంటాడు? మహా అయితే 2,000 ఇస్తాడు. మళ్ళీ అలాంటి కారే కావాలంటే ఇంకో 4,500. చేతిలోంచి పోయేది 2,500. టెక్సస్‌లో పాత కారు కొన్నా 6.25 శాతం పన్ను కట్టాలి, అది ఒక 281. మొత్తం 2,781. ఇంత పెట్టి తెచ్చుకునేది ఏమిటీ అంటే, దాని జాతకం మనకి బొత్తిగా తెలియని ఇంకో పాత కారు! కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని ఊరికే అన్లేదు పెద్దలు. ఉన్నదాన్ని 1,900 పెట్టి బాగుచేయించినా తొమ్మిదొందలకి దగ్గరగా మిగులుతుంది, పైగా దీని రోగాలేమిటో మనకి తెలుసు.

అంటే పోల్చాల్సింది రిపేరు ఖర్చునీ కారు ఖరీదునీ కాదు. ఈ కారుతో వచ్చే ఏడాది గడపడానికి ఎంతవుతుంది, వేరే కారుతో గడపడానికి ఎంతవుతుంది - ఈ రెంటినీ. మనకి కావల్సింది ఆస్తి కాదు, ప్రయాణం.

మాటలెందుకు, నా లెక్కే చెప్తా. 2021లో, చిప్‌ల కొరత వల్ల పాత కార్ల రేట్లు మండిపోతున్న రోజుల్లో, 2008 మోడల్ సెడాను ఒకటి 5,200కి కొన్నాను. అప్పటికి 1,18,000 మైళ్ళు తిరిగింది. (ఏ కంపెనీదో చెప్పను. చెబితే కింద కామెంట్లలో కురుక్షేత్రమే :)) 2025 చివరికి 1,71,000. ఆయిలు మార్పులూ టైర్లూ పక్కనపెడితే ఈ నాలుగేళ్ళలో అయిన రిపేర్లు ఇవీ: బ్యాటరీ 180, ముందు బ్రేకు ప్యాడ్లూ రోటర్లూ 340, ఆల్టర్నేటరు 520, ముందు స్ట్రట్లు రెండూ 780, ఇంజను పైన వాల్వ్ కవర్ గాస్కెట్టు 260, ఏసీ కంప్రెసరు 1,050, స్టార్టరు 410, ఒక చక్రం బేరింగు 330, ఆక్సిజన్ సెన్సరు 190. కూడితే 4,060. ఏడాదికి 1,015, నెలకి సుమారు 85 డాలర్లు.

ఇప్పుడు కొత్త కారు సంగతి చూడండి. 28,000 అప్పు, 7 శాతం వడ్డీ, అయిదేళ్ళు అనుకుంటే నెలకి దాదాపు 555. అది కూడా మంచి క్రెడిట్ చరిత్ర ఉంటే. నిన్నగాక మొన్న దిగిన విద్యార్థికి ఆ వడ్డీకి ఎవరిస్తారు? పైగా అప్పు మీద కారంటే పూర్తి ఇన్సూరెన్సు తప్పనిసరి. ఊళ్ళో నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన చదువు అప్పు ఒకటి తల మీదుండగా, దాని మీద ఈ అప్పొకటా?

అయితే ఏ పాత కారైనా బాగుచేయిస్తూ పోవచ్చు అని నేను అనట్లేదు. పాత సెడాన్ల రోగాలు మూడు రకాలు. ఆ తేడా తెలియాలి.

మొదటి రకం అరుగుదల. పైన నేను చెప్పిన జాబితా మొత్తం ఇదే. ఇవి ఏ కంపెనీ కారుకైనా వస్తాయి. డాలస్ ఎండలకి బ్యాటరీ మూడు నాలుగేళ్ళు వస్తే గొప్ప. దీన్ని చూసి "ఈ కారు పనైపోయింది" అనుకోవడం, చెప్పులు అరిగాయని కాళ్ళు పోయాయనుకోవడం లాంటిది. చాలా భాగాలు ఇంజనులోపలివి కావు, మార్చేస్తే మళ్ళీ కొన్నేళ్ళు చూడక్కర్లేదు.

రెండో రకం పుట్టుకతో వచ్చినవి. ఆ మోడల్లో, ఆ ఏళ్ళలో తయారైన వాటిలో ఉండే లోపాలు. కొనేముందు ఇవి తెలుసుకోవాలి, కొన్నాక అయినా తెలుసుకోవాలి.

2007 నుంచి 2009 దాకా వచ్చిన కామ్రీల్లో నాలుగు సిలిండర్ల 2.4 లీటర్ల ఇంజను (2ఏజెడ్-ఎఫ్ఈ అంటారు) ఆయిలు తాగుతుంది. పిస్టన్ రింగుల దగ్గర గోడల మీది ఆయిలు సరిగా కిందకి దిగక, పైకి చేరి పెట్రోలుతో పాటే కాలిపోతుంది. 1,200 మైళ్ళకి ఒక క్వార్టు (లీటరుకి కాస్త తక్కువ) కంటే ఎక్కువ తాగుతోందని పరీక్షలో తేలితే ఉచితంగా పిస్టన్లూ రింగులూ మార్చే ఏర్పాటు కంపెనీ 2015లో చేసింది. ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు సొంతంగా చేయిస్తే కొన్ని వేలు.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. 1,200 మైళ్ళకి ఒక క్వార్టు చొప్పున తాగే ఇంజనుని అయిదు వేల మైళ్ళ దాకా మూత తియ్యకుండా నడిపితే నాలుగు క్వార్టులు ఆవిరి. ఆ ఇంజనులో పట్టేదే నాలుగు, నాలుగున్నర! చాలామంది "ఎర్ర దీపం వెలగలేదు కదా" అంటారు. ఆ దీపం ఆయిలు ఎంతుందో చూపించదండీ, ఆయిలు ఒత్తిడి పడిపోతే వెలుగుతుంది. అది వెలిగేసరికి లోపల బేరింగులు రాసుకోవడం మొదలైపోయుంటుంది. అదే రెండుసార్లు పెట్రోలు కొట్టించినప్పుడల్లా ఒకసారి డిప్‌స్టిక్ తీసి చూసి, తగ్గితే ఒక క్వార్టు పోశారనుకోండి, ఏడాదికి పన్నెండు వేల మైళ్ళు తిరిగినా పది క్వార్టులు. వంద డాలర్లలోపు ఖర్చు. అంటే ఈ రోగం కారుని చంపదు, మన నిర్లక్ష్యం చంపుతుంది. చింత చచ్చినా పులుపు చావలేదన్నట్టు, ఆయిలు చూసుకునేవాళ్ళ చేతిలో ఇవి రెండు లక్షల మైళ్ళు దాటి తిరుగుతున్నాయి.

సొనాటా కథ వేరు. 2011 నుంచి 2014 దాకా వచ్చిన వాటిలో కొన్ని ఇంజన్లలో తయారీ సమయంలో మిగిలిన లోహపు పొడి, ఆయిలు దారికి అడ్డుపడి, రాడ్ బేరింగులు అరిగి, ఇంజను దారి మధ్యలో బిగుసుకుపోయే ప్రమాదముంది. 2015లో ఒకసారి, 2017లో ఇంకోసారి రీకాల్ చేశారు. 2019లో ప్రకటించిన ఒప్పందం ప్రకారం ఆ లోపానికి జీవితకాల వారంటీ ఉంది, కాకపోతే వాళ్ళు చెప్పిన సాఫ్ట్‌వేర్ మార్పు చేయించుకుని ఉండాలి, ఆయిలు మార్పించిన రసీదులు దాచుకోవాలి. అందుకే రసీదులు పారేయకండి బాబూ! తాళం చెవి పెట్టి తిప్పే రకం సొనాటాలకి ఇంకో తలనొప్పి, దొంగతనాలు. ఇమ్మొబిలైజర్ లేకపోవడం వల్ల 2021, 2022ల్లో వీటిని ఎత్తుకుపోవడం ఒక ఆటైపోయింది. దానికీ ఉచిత సాఫ్ట్‌వేర్ మార్పు ఇచ్చారు.

ఆల్టిమా అంటే 2013 నుంచి 2016 వాటిలో సీవీటీ గేర్‌బాక్సు. కోర్టు ఒప్పందం మీద వారంటీని ఏడేళ్ళు లేదా 84,000 మైళ్ళకి పెంచారు, అదీ అయిపోయింది. ఇప్పుడు పోతే నాలుగు వేలకి అటూ ఇటూ. కారు ఖరీదంత! టెస్ట్ డ్రైవులో వణుకు, ఎక్సిలరేటరు తొక్కినా జాగుగా కదలడం గమనిస్తే వదిలేయండి, ఎంత చవగ్గా ఇచ్చినా సరే.

అకార్డ్ 2008-2012 నాలుగు సిలిండర్ల వాటిలో చలికి పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఒక సెకను గరగరమనే చప్పుడు వస్తుంటుంది. వీటీసీ ఆక్చుయేటర్ అనే భాగం వల్ల. కొన్ని వందలు అవుతుంది, కంగారు పడక్కర్లేదు, అలాగని ఏళ్ళ తరబడి వదిలేయకూడదు. ఆరు సిలిండర్ల అకార్డ్ అయితే టైమింగ్ బెల్టు మార్చారో లేదో అడగండి. లక్ష మైళ్ళకో ఏడేళ్ళకో మార్చాలి, వాటర్ పంపుతో కలిపి వెయ్యి డాలర్లకి దగ్గర. అది తెగితే వాల్వులూ పిస్టన్లూ ఢీకొని ఇంజను మొత్తం పోతుంది. నాలుగు సిలిండర్లవాటికి చెయిను ఉంటుంది కాబట్టి ఆ భయం లేదు.

మూడో రకం, ఇక దండం పెట్టేయాల్సినవి. వరదలో మునిగిన కారు (2017లో హార్వీ తుఫాను తర్వాత అలాంటివి లెక్కలేనన్ని బజారుకొచ్చాయి), ఉప్పు రోడ్ల మీద తిరిగి అడుగు భాగం తుప్పు పట్టి తినేసిన కారు, గేర్‌బాక్సు పోయిన కారు. మొదటి రెండూ ఒక భాగం మారిస్తే తీరేవి కావు. మూడోదానికి మాత్రం పైన చెప్పిన ఏడాది లెక్క వేసి చూడండి, చాలాసార్లు లెక్కే వద్దంటుంది.

ఇక పసుపు దీపం, అదే చెక్ ఇంజన్ లైటు. 1996 నుంచి అమెరికాలో అమ్మిన ప్రతి కారుకీ ఓబీడీ-2 సాకెట్టు ఉంటుంది. ఇరవై డాలర్ల స్కానరు కొని తగిలిస్తే కోడు చెప్తుంది. మన పనిలో లాగే ఇది ఎర్రర్ మెసేజి మాత్రమే, బగ్గు ఎక్కడుందో వెతుక్కోవడం మన బాధ్యత. మెసేజిలో పేరొచ్చిన ఫంక్షనుని చెరిపేసి కొత్తది రాసేవాణ్ణి మనం మంచి ఇంజనీరు అంటామా? కానీ కార్ల షాపుల్లో కొందరు చేసేది సరిగ్గా అదే.

మన తమ్ముడి 1,900లో 1,650 దీనికే. పి0420 అనే కోడు వచ్చింది. కాటలిటిక్ కన్వర్టరు సరిగా పనిచేయట్లేదేమో అని దానర్థం. షాపువాళ్ళు కన్వర్టరు మార్చాలన్నారు, మిగతా 250 డయాగ్నొసిస్, చిల్లర సామాను. వాడి భయమల్లా రిజిస్ట్రేషను గురించి. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు గానీ, డాలస్ లాంటి కౌంటీల్లో ఎమిషన్ టెస్టు అలాగే ఉంది. దీపం వెలుగుతుంటే పాసవ్వదు, పాసవ్వకపోతే రిజిస్ట్రేషను రెన్యూ అవ్వదు.

కన్వర్టరు నిజంగానే పోయుండచ్చు. ఆయిలు తాగే ఇంజన్లలో ఆ పొగ పూతలా పట్టి దాన్ని పాడుచేస్తుంది కూడా. కానీ సెన్సర్లకి ముందు సైలెన్సరు గొట్టంలో చిన్న లీకు ఉన్నా బయటి గాలి చొరబడి ఇదే కోడు వస్తుంది. గార్లండ్‌లో ఒక చిన్న షెడ్డు నడిపే వియత్నాం పెద్దాయన దగ్గరకి తీసుకెళ్ళాం. ఆయన చల్లటి ఇంజను స్టార్ట్ చేయించి, కింద పడుకుని చెయ్యి పెట్టి చూసి, గొట్టం అతుకు దగ్గర గాస్కెట్టు పోయిందని చూపించాడు. 140 డాలర్లు. కోడు చెరిపేశాక వెంటనే టెస్టుకి వెళ్ళకూడదు, లోపలి మానిటర్లు సిద్ధమయ్యేదాకా కొన్ని రోజులు నడపాలి. వారం నడిపాక టెస్టు పాసైంది. అలాగని ప్రతి పి0420కీ మందు గాస్కెట్టే అనుకోవద్దు. నేను చెప్పేదల్లా రెండో మెకానిక్‌ని అడగమని.

వాడు 1,760 మిగిలాయని గంతులేశాడు. ఈ టపా ఇక్కడితో ఆపేస్తే ఇదో డబ్బు ఆదా కథ. కానీ నాకు నిద్రపట్టనివ్వనిది వేరే ఉంది.

గార్లండ్‌లో ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు, పనేం లేక, అద్దం కింద ఉన్న విన్ నంబరు చూసి ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వాళ్ళ సైటులో కొట్టాను. పెండింగ్ రీకాల్ ఒకటి. పక్క సీటు ఎయిర్‌బ్యాగు. తకాటా.

తెలియనివాళ్ళకి చెప్తాను. తకాటా అనే జపాను కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగుల్లో సంచిని ఉబ్బించే గ్యాసు కోసం అమ్మోనియం నైట్రేటు వాడారు. ఏళ్ళ తరబడి వేడికీ గాలిలో తేమకీ అది పాడై, గుద్దుకున్నప్పుడు అవసరానికి మించిన జోరుతో పేలుతుంది. దాని ఇనప డబ్బా ముక్కలై ఎదురుగా ఉన్న మనిషి మీదకి దూసుకొస్తుంది. అమెరికాలోనే ఇరవై మందికి పైగా చనిపోయారు, గాయపడ్డవాళ్ళు వందల్లో. వీటిలో కొన్ని, మామూలుగా అయితే బంపరు సొట్టతో పోయే చిన్న ప్రమాదాలు. ఆరుకోట్ల డెబ్భై లక్షల దాకా ఇన్‌ఫ్లేటర్లు వెనక్కి పిలిచారు, ఈ దేశ చరిత్రలో అంత పెద్ద రీకాల్ లేదు. కంపెనీ 2017లో దివాలా తీసింది. ఒక బ్రాండని కాదు, ఎన్నో కంపెనీల కార్లలో ఉన్నాయివి. కారు ఎంత పాతదైనా, ఎన్ని చేతులు మారినా డీలరు దగ్గర ఉచితంగా మారుస్తారు.

మరి ఇన్నేళ్ళుగా ఎందుకు మారలేదు? ఉత్తరాలు వచ్చే ఉంటాయి. ఎవరికి? రిజిస్ట్రేషనులో ఉన్న అడ్రసుకి. ఈ కారు నాకు తెలిసి నలుగురు తెలుగు కుర్రాళ్ళ చేతులు మారింది. నలుగురూ యూనివర్సిటీ పక్కన అపార్టుమెంట్లలో ఉన్నవాళ్ళే, చదువవగానే ఒకడు న్యూజెర్సీ, ఒకడు సియాటిల్, ఇలా వెళ్ళిపోయారు. ఉత్తరాలు ఖాళీ అయిన అపార్టుమెంట్ల డబ్బాల్లో పడ్డాయి. కారు మాత్రం అదే డాలస్ ఎండలో తిరుగుతూనే ఉంది.

వాడికి చూపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మే నెలలో అమ్మ వస్తోందన్నా, కాన్వొకేషనుకి" అన్నాడు. మొదటిసారి కొడుకు కారెక్కే తల్లి ఎక్కడ కూర్చుంటుందో చెప్పక్కర్లేదు కదా.

ఆ వారమే డీలరు దగ్గర మార్పించాం. రెండు గంటల పని. బిల్లు సున్నా. అప్పటిదాకా ఆ సీట్లో ఎవర్నీ కూర్చోబెట్టలేదు.

ఇదీ నా బాధ. 1,900 డాలర్ల అంకె వింటే పది మందికి ఫోన్లు చేస్తాం. సున్నా డాలర్ల పని ఒకటుందని, దానికి ప్రాణంతో లంకె ఉందని మనకెవరూ చెప్పరు, మనమూ అడగం. కొనేటప్పుడు అడిగేవి రెండే: ఎన్ని మైళ్ళు తిరిగింది, ఎంతకిస్తావు.

పాత కారుకి పెట్టే ఖర్చు దండగ కాదు, చూసి పెడితే. కానీ మన కుర్రాళ్ళ మధ్య ఇది ఒకళ్ళ సొత్తు కాదు, రేపు ఇంకో జూనియరు చేతికి పోయే వస్తువు. మీరు ఉద్యోగమొచ్చి వేరే ఊరు వెళ్ళేటప్పుడు తాళాలతో పాటు మూడు ఇవ్వండి: రిపేరు రసీదుల కట్ట, ఆయిలు ఎన్ని మైళ్ళకి ఎంత తాగుతుందో రాసిన చీటీ, విన్ నంబరు కొట్టి చూసిన రీకాళ్ళ పేజీ. టైటిలు వాడి పేరు మీదకి మారిందో లేదో కూడా దగ్గరుండి చూడండి, ఉత్తరాలు వాడి ఇంటికి రావాలి కాబట్టి.

ఇది చదువుతున్నవాళ్ళలో పాత సెడాను ఉన్నవాళ్ళు చాలామందే ఉంటారు. విన్ నంబరు డ్రైవరు వైపు అద్దం కింద మూలన ఉంటుంది, పదిహేడు అక్షరాలూ అంకెలూ. రెండు నిమిషాల పని. కామెంటు తర్వాత రాద్దురుగానీ, ముందు వెళ్ళి అది చూసి రండి.